మంచుకొండల నడుమ మూగబోయిన పాట

హిమాలయాలకు ఆవల ఉన్న లడఖ్ సీమను దర్శించాలన్న అభిలాష నాకు చిరకాలంగా ఉండేది. అయితే ఆ భాగ్యం విహారయాత్రగా కాక ఉద్యోగధర్మంగా, అందునా నడి చలికాలంలో సిద్ధిస్తుందని నేనెన్నడూ ఊహించలేదు. 2023 ఫిబ్రవరిలో లేహ్ సమీపంలోని ఒక సబ్‌స్టేషన్‌కు వెళ్లి, అక్కడి బ్యాటరీల పనితీరును పరిశీలించి రావలసిందిగా నాకు ఆదేశం అందింది. దాదాపు మూడు దశాబ్దాలుగా బ్యాటరీలతోనే కాలక్షేపం చేసిన నాకు ఆ ప్రయాణంలో పాఠం నేర్పింది సబ్‌స్టేషన్‌లోని 110 సెల్లుల బ్యాటరీ బ్యాంకు కాదు, నా చొక్కా జేబులో ఇమిడిపోయే ఒక చిన్న పాటల పెట్టె. ఆ అనుభవాన్ని మన పత్రిక పాఠక మిత్రులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆ పెట్టె సంగతి చెప్పాలి. అగ్గిపెట్టె కంటె కొద్దిగా పెద్దదైన ఆ పరికరాన్ని 2011లో కొన్నాను. పాటలన్నీ ఫోనులోనే వినే ఈ కాలంలో దానిని చూసి మా పిల్లలు నవ్వుతుంటారు. అందులో కొన్ని వందల పాటలున్నా, నాకు విలువైనది పదకొండు నిమిషాల రికార్డింగు ఒక్కటే. 1987 వేసవి సెలవుల్లో, మా అమ్మ తెల్లవారుజామున మజ్జిగ చిలుకుతూ పాడుకొనే మేలుకొలుపు పాటను మా చెల్లెలు టేప్‌రికార్డరులో పట్టింది. కాలక్రమంలో క్యాసెట్టుకు బూజు పట్టింది. 2012లో ఒక దుకాణంలో ఆ పాటను డిజిటల్ రూపంలోకి మార్పించి ఈ పెట్టెలోకి ఎక్కించాను. ఆ తరువాత ఇల్లు మారినప్పుడు క్యాసెట్టు ఎటుపోయిందో తెలియలేదు. కంప్యూటరులోని ప్రతి హార్డ్‌డిస్కుతో పాటు పోయింది. మరొక ప్రతి తీసి ఉంచాలని ఏళ్ల తరబడి అనుకుంటూనే వాయిదా వేశాను.

అమ్మ 2019లో మాకు దూరమైంది. ఆమె తిథి మాఘ బహుళ దశమి, శివరాత్రికి మూడు రోజుల ముందు. ఆ ఏడు ఆ తిథి నేను లేహ్‌లో ఉండే రోజుల్లోనే వచ్చింది. ఊళ్లో అన్నయ్య ఆబ్దికం జరిపిస్తున్నాడు. వెళ్లలేని నేను, కనీసం ఆ వేకువన ఆమె గొంతు వినాలని నిశ్చయించుకొని పెట్టెను వెంట తెచ్చుకున్నాను.

ఢిల్లీ నుండి విమానం గంటంబావులో హిమాలయాలను దాటించి లేహ్‌లోని కుశోక్ బకులా రింపోచే విమానాశ్రయంలో దింపింది. సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తు. నీలాకాశం, బూడిద రంగు కొండలు, వాటి తలలపై మంచు. చెట్టు అన్నది పల్లపు ప్రదేశాల్లో ఆకులు రాల్చిన పాప్లార్ వరుసలుగా మాత్రమే కనిపిస్తుంది. ఊరి మీదుగా తొమ్మిది అంతస్తుల పాత రాజప్రాసాదం, ఎదుటి గుట్టపై తెల్లని శాంతి స్తూపం. జపాను బౌద్ధుల చొరవతో వెలసిన ఆ స్తూపం 1991లో పూర్తయింది. లిథియం అయాన్ బ్యాటరీని జపాను దేశపు సోనీ సంస్థ తొలిసారిగా విపణిలోకి తెచ్చింది కూడా 1991లోనే. ఈ రెండింటికీ సంబంధం లేదు గాని, బ్యాటరీల మనిషికి ఇటువంటివే గుర్తుకు వస్తాయి.

చలికాలంలో లేహ్‌లో పెద్ద హోటళ్లు చాలావరకు మూసివేస్తారు. నీటి గొట్టాలు గడ్డకట్టుకుపోతాయి. అందుచేత ఒక కుటుంబం నడిపే అతిథిగృహంలో బస చేశాను. ఆ ఇంటి పెద్ద డెబ్బై ఏళ్లు దాటిన అవ్వ. లడఖీ భాషలో తల్లిని 'ఆమా' అంటారు. గౌరవార్థం చివర 'లే' చేరుస్తారు. 'ఆమాలే' అన్న మాట మన 'అమ్మగారు' వంటిదే. ఆ పిలుపు నా చెవికి కొత్తగా తోచలేదు. ఆమెకు హిందీ అంతంతమాత్రం. ఆమె మనుమడే నాకు ఆ నాలుగు రోజులూ డ్రైవరు, దుబాసీ కూడా.

మరునాటి ఉదయం లేచి కిటికీ దగ్గరి బల్లపై ఉంచిన పెట్టెను అందుకున్నాను. చార్జి సగానికి పైగా ఉన్నట్లు గుర్తు చూపుతోంది. తిథికి ఇంకా రెండు రోజులున్నా, ఒకసారి సరిచూసుకుందామని పాట పెట్టాను. కవ్వం చప్పుడు వినిపించింది. అమ్మ గొంతు సవరించుకొంది. అంతే, తెర నల్లబడి పెట్టె ఆరిపోయింది. మళ్లీ మీట నొక్కితే వెలిగింది, పాట మొదలు కాకముందే మళ్లీ ఆరింది. మూడోసారి వెలగనే లేదు. చార్జరు తగిలించాను. చార్జి ఎక్కుతున్న జాడ లేదు.

ఎత్తు ప్రదేశం వలన కలిగే తలనొప్పితో సతమతమవుతున్న నేను అప్పుడు చేసిన నిర్ధారణ ఒక్కటే: పన్నెండేళ్ల ముసలి బ్యాటరీ ప్రాణం విడిచింది. ఇటువంటి పెట్టెలు చార్జి కోల్పోవడానికి మామూలుగా చెప్పే కారణాలన్నీ మనసులో తిరగవేశాను. మీట సంచిలో ఒత్తుకుపోయి రాత్రంతా పాడి ఉండవచ్చు. పూర్తిగా ఆరకుండా నిద్రావస్థలోనే ఉండి కొద్దికొద్దిగా కరెంటు తాగి ఉండవచ్చు. చెడిపోయిన పాట ఫైలు ఒకటి లోపలి ప్రాసెసరును విశ్రాంతి లేకుండా తిప్పి ఉండవచ్చు. అయితే ఈ కారణాలలో ఏది నిజమైనా చార్జి గుర్తు ఖాళీ చూపాలి కదా! సగం చూపుతూ ఆరిపోవడమేమిటి? మీటను పదిహేను సెకన్లు నొక్కి పట్టి చూశాను. ఫలితం శూన్యం. కరెంటు లేకపోయినా లోపలి జ్ఞాపకం చెరగదని నాకు తెలుసు. తెలిసినా, ఉన్న ఒకే ఒక ప్రతి మూగబోయినప్పుడు ఆ తెలివి ఊరటనివ్వలేదు.

ఒకప్పుడు ఈ చిక్కు లేదు. 1979లో జపానులో విడుదలైన వాక్‌మన్‌లో రెండు చిన్న సెల్లులుండేవి. పాట ఈడ్చుకుపోతుంటే కొత్తవి వేసుకొనేవారు. 2001లో ఐపాడ్ వచ్చిన నాటి నుండి బ్యాటరీని లోపలే అమర్చి మూసివేయడం ఆనవాయితీ అయింది. ఆ ఐపాడ్ తయారీయే 2022లో నిలిచిపోయింది. నా పెట్టె కూడా ఆ మూసిన జాతిదే. బాగుచేయించుదామని మూడోనాడు పొద్దున్నే బజారుకు బయలుదేరాను. తెరిచి ఉన్న రెండు దుకాణాలలోనూ తల అడ్డంగా ఊపారు. తలుపు తీసిన ప్రతి చోటా అదే జవాబు: ఢిల్లీ పంపాలి.

బజారు నుండి ఇంటికి వచ్చేసరికి డ్రైవరు వంటింటి నుండి దుప్పటి చుట్టిన బరువైన మూటను మోసుకొస్తున్నాడు. అది జీపు బ్యాటరీ. రాత్రి వంటింట్లో బుఖారీ పొయ్యికి కాస్త ఎడంగా ఉంచి, ఉదయం తెచ్చి బండికి బిగిస్తాడట.

"బయట వదిలేస్తే పొద్దున బండి లేవదు, సర్‌జీ. బ్యాటరీ చావదు, నిద్రపోతుంది," అన్నాడు బోల్టులు బిగిస్తూ.

నేను పెద్దరికంగా తల ఊపి, సీసపు బ్యాటరీ గురించి నాలుగు మాటలు చెప్పాను. పూర్తిగా చార్జి అయి ఉంటే అందులోని ఆమ్లద్రావణం మైనస్ 50 డిగ్రీలకు కూడా గడ్డకట్టదని, చార్జి దిగిపోయిన బ్యాటరీ అయితే మైనస్ 10 ప్రాంతంలోనే గడ్డకట్టి పగిలిపోవచ్చని వివరించాను. అతడు వినయంగా విన్నాడు. ఒకప్పుడు చలికాలంలో డీజిల్ ట్యాంకుల కింద మంట పెట్టి బండ్లు కదిలించేవారని, 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీల వరకు గడ్డకట్టని డీజిల్‌ను లడఖ్‌కు తెచ్చాక ఆ బాధ తగ్గిందని చెప్పాడు. ఇంత సంభాషణ జరిగినా, పైకోటు జేబులో మంచుముక్కలా ఉన్న నా పెట్టె సంగతి నాకు స్ఫురించలేదు!

ఆనాడు శ్రీనగర్ రహదారిపై నిమ్మూ దాకా వెళ్లాం. దారిలో 'అయస్కాంతపు గుట్ట' అనే చోటు వస్తుంది. అక్కడ బండిని ఆపి బ్రేకు వదిలితే ఎత్తు వైపుకు దొర్లుతున్నట్లు కనిపిస్తుంది. అందులో అయస్కాంతం మహిమ ఏమీ లేదు. చుట్టూ ఉన్న కొండల వాలు వలన పల్లమే మెరకగా తోచే దృష్టిభ్రమ అది. కన్ను చూపేది ఒకటి, ఉన్నది ఒకటి.

మరి కొంత దూరం పోగానే సింధు, జన్‌స్కార్ నదుల సంగమం. వేసవిలో రెండు రంగుల నీరు కలిసే దృశ్యానికి పేరుపొందిన ఆ స్థలం ఫిబ్రవరిలో వేరొక రూపంలో ఉంది. జన్‌స్కార్ అంచులన్నీ మంచు పలకలు. ఎగువన లోయలో నది పైన మంచు పరచుకొన్నప్పుడు దానిని 'చాదర్' అంటారు. శీతకాలంలో జనం దాని మీదుగానే నడిచి వెళ్లేవారు. సంగమానికి దిగువన, ఆల్చీ వద్ద ఎన్‌హెచ్‌పీసీ వారి నిమ్మూ-బాజ్‌గో జలవిద్యుత్ కేంద్రం ఉంది. 15 మెగావాట్ల యూనిట్లు మూడు, మొత్తం 45 మెగావాట్లు. 2014 ఆగస్టులో దానిని జాతికి అంకితం చేశారు. చలికాలంలో ఇక్కడి జలవిద్యుత్ కేంద్రాలకు నీరు తగ్గిపోతుంది. అందుకే ఒకనాడు లేహ్ శీతకాలమంతా డీజిల్ జనరేటర్ల మీద ఆధారపడేది. 2019 ఫిబ్రవరిలో ద్రాస్, కార్గిల్ మీదుగా శ్రీనగర్ నుండి 220 కిలోవోల్టుల లైను రావడంతో ఈ సీమకు దేశపు గ్రిడ్‌తో ముడి పడింది.

ఒడ్డున నిలబడి నేను డ్రైవరును అడిగాను, "ఇంత మంచు ఉంది, నీరు లేకపోవడమేమిటి?"

అతడు నవ్వాడు. "నీళ్లు లేక కాదు సర్‌జీ. ఉన్నాయి. కదలడం లేదు."

ఆ మాట నన్ను ఒక్కసారిగా వెనక్కి తీసుకుపోయింది, లేహ్ బల్లపైకి కాదు, మా ఊరి అరుగు మీదికి. నా చిన్నతనంలో మా ఇంట్లో రేడియో, టేప్‌రికార్డరు సెల్లులతోనే నడిచేవి. కరెంటు ఉండేది గాని, ఎప్పుడుంటుందో ఎవరికీ తెలిసేది కాదు. సెల్లులు నీరసించి పాట ఈడ్చుకుపోవడం మొదలవగానే అమ్మ వాటిని తీసి అరుగు మీద, వడియాల పక్కన ఎండలో వరుసగా పేర్చేది. సాయంత్రం వేస్తే అవి మరొక అరగంట, గంట పలికేవి. ఇంజనీరింగు చదువుతున్న రోజుల్లో సెలవులకు వచ్చిన నేను అది చూసి నవ్వాను. "ఎండలో పెడితే చార్జి నిండదమ్మా, అవేమన్నా వడియాలా?" అన్నాను. అమ్మ చిన్నబుచ్చుకోలేదు. "నిండుతుందో నిండదో నాకేం తెలుసురా, పలుకుతున్నాయి కదా," అంది.

నేను చెప్పినది నిజమే. ఎండ వలన సెల్లులోకి కొత్త చార్జి రాదు. అయితే ఆమె చేసినదీ నిజమే. విశ్రాంతి వలన, వేడి వలన లోపలి రసాయన చర్య వేగం పుంజుకొంటుంది, అంతర్నిరోధం తగ్గుతుంది, కదలలేక నిలిచిపోయిన కొద్దిపాటి శక్తి బయటికి వస్తుంది. నేను సూత్రం చెప్పి ఊరుకున్నాను, ఆమె పాట విన్నది.

నా పెట్టెకు జరిగినది ఇదే. లిథియం బ్యాటరీలో ఒక పలక నుండి మరొక పలకకు అయాన్లు ఒక ద్రవం గుండా ఈదుతూ పోవాలి. చలికి ఆ ద్రవం చిక్కబడుతుంది, పలకల్లోకి అయాన్లు చొరబడడమూ మందగిస్తుంది. అంటే అంతర్నిరోధం అనేక రెట్లు పెరుగుతుంది. ఉదాహరణకు, మామూలు వేళ అర ఓము ఉండే చిన్న ముసలి బ్యాటరీలో అది 7 ఓములకు పెరిగిందనుకుందాం. పాట మొదలవగానే పరికరం క్షణకాలం 100 మిల్లీ ఆంపియర్లు లాగితే, 0.7 వోల్టు లోపలే ఖర్చవుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు 3.7 వోల్టులు చూపిన బ్యాటరీ బయటికి ఇచ్చేది 3.0 వోల్టులు. 'ఇక ఖాళీ' అని పరికరం భావించే గీటు దాదాపు అదే. అందుకని అది తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. చార్జి గుర్తు అబద్ధం చెప్పలేదు, లోపల సగం చార్జి ఉన్నమాట నిజం. అయితే ఉన్నదెంతో అది చెప్పగలదు గాని, కదలగలిగినదెంతో చెప్పలేదు.

చార్జరు తగిలించినా ఎక్కకపోవడం కూడా లోపం కాదు, రక్షణ. సున్నా డిగ్రీల కంటె దిగువన లిథియం బ్యాటరీకి చార్జి ఎక్కిస్తే, అయాన్లు పలకలోనికి పోలేక దాని పైననే లోహపు పూతగా పేరుకుంటాయి. ఆ నష్టం శాశ్వతం, ప్రమాదకరం కూడా. మంచి పరికరాలు చల్లగా ఉన్నంతసేపు చార్జిని నిరాకరిస్తాయి. నేను దానిని మొండితనమనుకున్నాను.

మన ప్రాంతంలో మనకు తెలిసినది వేడి. 27 డిగ్రీల వద్ద లెక్కగట్టిన సామర్థ్యంతో సబ్‌స్టేషన్‌కు వచ్చే సీసపు బ్యాటరీ, పది డిగ్రీల అదనపు వేడిలో నిరంతరం పనిచేస్తే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని మనకు అనుభవమే. చలి తత్త్వం వేరు. వేడి ఆయుష్షు తీస్తుంది, చలి ఓపిక తీస్తుంది. పోయిన ఆయుష్షు తిరిగి రాదు, పోయిన ఓపిక వెచ్చదనంతో తిరిగి వస్తుంది. ఈ తేడా తెలియక, అలసిన దానిని చచ్చిందనుకొని పారవేసిన పరికరాలు ఎన్ని ఉంటాయో!

అక్కడే పైకోటు జేబులోని పెట్టెను తీసి, ఊలు స్వెట్టరు లోపల, చొక్కా జేబులో గుండెకు ఆనించి పెట్టుకున్నాను. తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. వంటింట్లో బుఖారీ చుట్టూ అందరం చేరాం. నేను చొక్కాలోంచి పెట్టెను బయటికి తీయడం చూసి ఆమాలే ముసిముసిగా నవ్వి, తన గోంచా మడతలోంచి చిన్న ఫోను తీసి చూపించింది. ఆ పొడవాటి ఊలు అంగీకి నడికట్టు పైన ఏర్పడే మడతలోనే జపమాల, ఫోను, మనుమడికిచ్చే ఎండు ఆప్రికాట్లు అన్నీ ఉంటాయట. చలికాలంలో ఫోను ఒంటికి ఆని ఉండాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మీట నొక్కాను. తెర వెలిగింది. వెంటనే ఆపివేశాను. పొయ్యికి మరీ దగ్గర కాకుండా, ఆమాలే చూపిన చెక్క అరపై ఉంచి చార్జరు తగిలించాను. ఈసారి చార్జి ఎక్కసాగింది.

మరునాడు దశమి. వేకువన వంటింట్లోకి వెళ్లేసరికి ఆమాలే అప్పటికే లేచి, పొడవాటి చెక్క గొట్టంలో వెన్న, ఉప్పు వేసి తేనీరు చిలుకుతోంది. బయట మైనస్ 14 డిగ్రీలు. నేను ఒక మూల కూర్చుని పాట పెట్టాను. కవ్వం చప్పుడు, అమ్మ గొంతు సవరింపు, ఆ తరువాత పాట. ఎక్కడా ఆగలేదు. సగంలో తల ఎత్తి చూస్తే ఆమాలే చిలకడం ఆపి నన్నే చూస్తోంది. ఒక ఇయర్‌ఫోను ఆమె చేతికిచ్చాను. చెవిలో పెట్టుకొని కాసేపు విన్నది. పాట అర్థం కాకపోయినా కవ్వం చప్పుడు అర్థమైంది కాబోలు, తన చెక్క గొట్టాన్ని చూపి, "ఆమా?" అని అడిగింది. అవునన్నట్లు తల ఊపాను.

అక్కడి పని ముగించుకొని తిరిగి వచ్చిన రోజే ఆ రికార్డింగుకు నాలుగు ప్రతులు తీశాను. అన్నయ్యకు ఒకటి, చెల్లెలికి ఒకటి, మా పిల్లలకు ఒకటి, బీరువాలో ఒకటి. ఇటువంటి ఒంటరి ప్రతి ఏదైనా పాఠక మిత్రుల ఇళ్లలో ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టగానే ఆ పని చేయవలసిందిగా కోరుతున్నాను. చలి ప్రదేశాలకు వెళ్లేవారు పరికరాన్ని ఒంటికి ఆనించి ఉంచుకోవాలి. ఆరిపోతే కంగారుపడకుండా ముందు వెచ్చబరచి, తరువాతనే చార్జి ఎక్కించాలి.

చెల్లెలు ప్రతి అందగానే ఫోను చేసింది. "అన్నయ్యా, చివర అమ్మ నన్ను కేకలేసింది విన్నావా?" అంది. విన్నాను. లేహ్ వంటింట్లో ఆనాడు విన్నాను. పదకొండో నిమిషంలో పాట ముగిశాక, కవ్వం ఆగి, అమ్మ గొంతు మామూలు స్థాయికి దిగి అంటుంది: "ఇంక కట్టెయ్యవే తల్లీ, సెల్లులు అయిపోతాయి!"